గాడ్ ఆఫ్ వార్ ముందా, ఘోస్ట్ ఆఫ్ త్సుషిమా ముందా? గుంటూరు తమ్ముడికి నా లెక్క

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. బీటెక్ అయిపోయింది, జాయినింగ్ జూలైలో హైదరాబాద్‌లో, అప్పటిదాకా గుంటూరు బ్రాడీపేటలో ఇంట్లోనే, పగలు నాన్న షాపులో కూర్చుంటున్నావు, రాత్రి భోజనాలయ్యాక గంటన్నర దొరుకుతుంది, చేతిలో జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాపు, 8 జీబీ ర్యాము, డబ్బులు ఒక్క గేముకే, గాడ్ ఆఫ్ వార్ తీసుకోవాలా ఘోస్ట్ ఆఫ్ త్సుషిమా తీసుకోవాలా అని అడిగావు. ఫ్రెండ్సులో సగం మంది అది అంటున్నారు సగం మంది ఇది అంటున్నారు అన్నావు, అది ఎప్పుడూ అంతేలే. కానీ చివర్లో ఒక మాట రాశావు చూడు, ఇదివరకు పెద్ద మ్యాపున్న గేము ఒకటి మొదలుపెట్టి నలభై గంటలాడి సగంలో వదిలేశానని, నాకు పనికొచ్చింది ఆ ఒక్క మాటే.

గాడ్ ఆఫ్ వార్ కొను. 2018లో వచ్చినదాని సంగతే చెప్తున్నా, దాని తర్వాతి భాగం రాగ్నరాక్ సంగతి తర్వాత. ఎందుకో కింద చెప్తా, ఓపికుంటే చదువు, లేకపోతే కొనేసి ఆడుకో ఏం పర్లేదు.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో కంప్యూటర్లు అసెంబుల్ చేసే పనిలో పడి పదిహేనేళ్ళు దాటింది. గేముల పిచ్చి అంతకంటే పాతది. ఇంటర్లో క్లాసులు ఎగ్గొట్టి వీడియో గేమ్ పార్లర్లో గంటకి ఇరవై రూపాయలిచ్చి ప్లేస్టేషన్ 2 మీద మొట్టమొదటి గాడ్ ఆఫ్ వార్ ఆడిన బ్యాచ్ మాది, అది 2005లో వచ్చింది, మన పార్లర్ల దాకా రావడానికి ఇంకాస్త టైము పట్టింది. మెమరీ కార్డు పార్లర్ వాడిది, మనం సేవ్ చేసుకుని ఇంటికెళ్తే సాయంత్రం ఇంకెవడో దాని మీదే సేవ్ చేసేసేవాడు, అందుకని ఆ మొదటి ఓడ మీద హైడ్రాని నేను ఎన్నిసార్లు చంపానో నాకే లెక్క లేదు. ఈ సోదంతా ఎందుకంటే, ఆ ఆట హీరో, అప్పటి క్రేటోస్‌ని తెలిసినవాడికి 2018 క్రేటోస్‌ని చూస్తే ఎట్టా ఉంటుందో చెప్దామని. అప్పుడు వాడు ఎదురొచ్చినవాణ్ణల్లా నరుక్కుంటూ పోయేవాడు, అంతే, కథ అడిగినోడు లేడు. ఇప్పుడు గ్రీసు వదిలేసి ఉత్తరాది మంచు దేశంలో, ఓడిన్, థోర్ అనే అక్కడి దేవుళ్ళ రాజ్యంలో, గడ్డం పెంచుకుని అడివిలో బతుకుతుంటాడు, భార్య పోయింది, పది పదకొండేళ్ళ కొడుకు ఉన్నాడు, వాడి పేరు అట్రియస్. ఆవిడ చివరి కోరిక ఏందంటే తన అస్థికలు అన్ని లోకాల్లోకీ ఎత్తైన శిఖరం మీదనుంచి వదలాలని. ఇంక ఆట మొత్తం అదే ప్రయాణం.

పాత ఆటలు ఆడలేదే అని నువ్వు భయపడక్కర్లా. తెలియాల్సిందల్లా ఈ మనిషి వెనకాల చాలా పెద్ద పాపం ఉంది, కొడుక్కి అది చెప్పలేదు, అంతవరకే, అది ఆటే మెల్లగా చెప్తుంది. అస్థికలు తీసుకుని తండ్రీకొడుకులు బయల్దేరారంటే మనకి వేరే విడమరిచి చెప్పాలా, కృష్ణ ఒడ్డున పొద్దున్నే చూసేదేగా. క్రేటోస్ కొడుకుని పేరుపెట్టి పిలిచేది తక్కువ, ఎప్పుడూ 'బాయ్' అంటాడు, మన ఇళ్ళల్లో 'ఒరేయ్' అన్నట్టు. వాడి భుజం మీద చెయ్యి వేద్దామని లేపి, మళ్ళీ వెనక్కి తీసుకుంటాడు ఒకచోట. నేను అది ఆడేటప్పుడు పక్కన కుర్చీలో మా నాన్న పేపర్ చదువుకుంటున్నాడు. ఇంకేం చెప్పను.

సరే, ఆట సంగతికొద్దాం. గొడ్డలి. లెవియాథన్ యాక్స్ అంటారు. విసురుతావు, అది పోయి రాక్షసుడి తలలో దిగుతుంది, కంట్రోలర్‌లో ట్రయాంగిల్ బటన్ నొక్కితే తిరిగొచ్చి ఠప్పుమని చేతిలో పడుతుంది, పడేటప్పుడు కంట్రోలర్ చేతిలో అదురుతుంది చూడు, ఆ ఒక్క అదురు కోసం నేను ఊరికే చెట్లకేసి గోడలకేసి విసురుకుంటూ నడిచిన రోజులున్నాయి. తిరిగొచ్చే దారిలో అడ్డమొచ్చినవాడికి కూడా తగులుతుంది, అది అర్థమయ్యాక నువ్వు కావాలనే శత్రువుని మధ్యలో పెట్టుకుని నిలబడి పిలుస్తావు. గొడ్డలి లేకుండా ఒట్టి చేతులతో, డాలుతో కొడితే వాడికి స్టన్ బార్, అంటే వాడు ఎంత దిమ్మతిరిగాడో చూపించే గీత, నిండుతుంది, నిండాక ఆర్ 3 బటన్ నొక్కితే ఇంక వాడి పని అయిపోయినట్టే. పిల్లాడికి ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితే నువ్వు చూస్తున్నవాడి మీద బాణం వేస్తాడు. మొదట్లో వాడి బాణాలు దోమ కుట్టినట్టుంటాయి, ఆట సగానికొచ్చేసరికి ఆ పిల్లాడు లేకపోతే నువ్వు బతకవు. కథలో వాడు పెద్దవుతున్నాడని మాటల్లో చెప్పడం కన్నా బటన్‌లో చెప్పడం నాకు భలే నచ్చింది.

ఇంకోటి, కెమెరా. మొదటి సీన్ నుంచి చివరిదాకా కట్ ఉండదు, ఒకే షాటు. నువ్వు చచ్చిపోతేనో మెనూలోకి పోతేనో తప్ప కెమెరా వాడి భుజం వదలదు. డైరెక్టర్ కోరీ బార్లాగ్ దీనికోసం పట్టుబట్టి కూర్చున్నాడంటారు, ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ది ఇయర్ దీనికే వచ్చింది, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటి పెద్ద ఆట పోటీలో ఉన్న ఏడాదిలో కూడా. అవార్డు చూసి కొనమనట్లేదు, కానీ ఆ కట్ లేకపోవడం వల్ల నీలాంటివాడికి ఒక లాభం ఉంది, ఎక్కడా 'సరే ఇక్కడికి ఆపేద్దాం' అనే సందు దొరకదు, దారి నీ ముందు ఒకటే ఉంటుంది, అటూ ఇటూ చిన్న చిన్న సందులుంటాయి, వాటిల్లో దూరినా పది పదిహేను నిమిషాల్లో మళ్ళీ మెయిన్ రోడ్డెక్కేస్తావు.

ఇప్పుడు త్సుషిమా. దాన్ని తిడతాననుకుంటున్నావేమో, తిట్టను, నా లెక్కలో అది ఇంకా అందమైన ఆట. సక్కర్ పంచ్ అనే స్టూడియో వాళ్ళు చేశారు, 2020 జూలైలో ప్లేస్టేషన్ 4కి వచ్చింది, పీసీకి 2024 మేలో వచ్చింది, పీసీలో వచ్చేది డైరెక్టర్స్ కట్ కాబట్టి ఇకి ద్వీపం కథ కూడా కలిపే ఉంటుంది. కథాకాలం 1274, కుబ్లాయ్ ఖాన్ పంపిన మంగోలు సైన్యం జపాన్ మీదకెళ్తూ మొదట త్సుషిమా ద్వీపం మీద పడ్డది, కొమోడా బీచి దగ్గర ద్వీపం సమురాయ్‌లు ఎనభై మందే ఎదురెళ్ళి చచ్చిపోయారు, ఆటలో మొదటి సీన్ అదే. ఆ యుద్ధం నిజం, ఆ బీచి ఇప్పటికీ ఉంది, కానీ హీరో జిన్ సకాయ్, విలన్ ఖోటున్ ఖాన్ ఇద్దరూ కల్పితం. నాకు సరదాగా అనిపించేదేందంటే సరిగ్గా అదే టైముకి ఇక్కడ మనల్ని ఏలేది రుద్రమదేవి, మన బాపట్ల పక్క మోటుపల్లి రేవులో ఓడలు ఆగేవి, ఆ కుబ్లాయ్ కొలువులోనే పనిచేసిన మార్కో పోలో మోటుపల్లి గురించి, ఆ రాణి గురించి రాసిపెట్టాడు. అదేదో వేరే గ్రహం కథ కాదన్నమాట. ఇంకో పక్క హైకూ రాయడం ఉంటుంది ఆటలో, హైకూ అనేది ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళకి గానీ రూపం దిద్దుకోలా, వాళ్ళకీ తెలుసు, బాగుంటుందని పెట్టుకున్నారు, మనమూ బాగుందని ఊరుకున్నాం.

ఆ ఆటలో మూలన చిన్న మ్యాపు ఉండదు. నువ్వెటు పోవాలో గాలి చెప్తుంది. బటన్ నొక్కితే గాలి లేస్తుంది, గడ్డి, ఆకులు, జిన్ పైపంచె అన్నీ అటు కొట్టుకుపోతాయి, గుర్రాన్ని అటు తోలుకుంటూ పోవడమే. దారిలో పసుపు పిట్ట ఒకటొచ్చి ముందు ఎగురుతుంది, దాని వెనకాల పోతే వేడినీళ్ళ గుంటో, వెదురు నరికే చోటో ఏదో ఒకటి దొరుకుతుంది. నక్క ఒకటి పిలుచుకుపోయి చిన్న గుడి చూపిస్తుంది, దణ్ణం పెట్టుకున్నాక ఒక్కోసారి దాని తల నిమరనిస్తుంది. కత్తి యుద్ధం కూడా చాలా శుభ్రంగా ఉంటుంది, కత్తి పట్టినోడికి ఒక స్టాన్సు (నిలబడి కొట్టే తీరు), డాలు పట్టినోడికి ఇంకోటి, బల్లెం వాడికి ఒకటి, ఆ లావుపాటి వాళ్ళకి ఒకటి, నాలుగు స్టాన్సులు మార్చుకుంటూ ఆరుగురి మధ్య తిరుగుతుంటే నీకు నువ్వే ముద్దొస్తావు. శత్రువుల క్యాంపు ముందు నిలబడి బయటికి రండిరా అని పిలిచే స్టాండాఫ్ ఒకటుంది, బటన్ నొక్కి పట్టుకుని వాడు నిజంగా కత్తి ఎత్తేదాకా ఆగి వదలాలి, మధ్యలో ఊరికే ఎత్తినట్టు చేసి మోసం చేస్తారు, తొందరపడ్డావా అయిపోయావు.

ఇంత బాగుంటే ఎందుకొద్దంటున్నానంటే, నేను దాన్ని మొదటిసారి పాడుచేసుకున్నా. రిలీజైన నెలలోనే ప్లేస్టేషన్ మీద మొదలుపెట్టా, లాక్‌డౌన్ రోజులు, పని లేదు, ద్వీపం మూడు ముక్కలుగా ఉంటుంది, మొదటి ముక్క ఇజుహారా, ఆ ఒక్క ముక్కలోనే ప్రశ్నార్థకం గుర్తు కనిపించిన ప్రతి చోటికీ పోయా. ప్రతి నక్క. ఆట మొత్తం మీద నక్కల గుళ్ళు 49, చెప్తే నమ్మవు, మొదటి పది నక్కలప్పుడు ఆహా అనుకున్నా, ఇరవై దాటాక ఆ నక్క మెల్లగా పోతుంటే దీని నడక తగలెయ్యా అనిపించింది. మంగోలు క్యాంపులు విడిపించడం, అదే దూరి వెనకనుంచి పొడవడం, అదే జెండా. రెండో భాగం టొయొటామాలోకి అడుగుపెట్టేసరికి మ్యాపు మళ్ళీ తెల్లగా, మళ్ళీ అన్నీ మొదట్నుంచి, కంట్రోలర్ పక్కన పెట్టేసి ఏడు నెలలు ముట్టుకోలా. తప్పు ఆటది అనుకున్నా అప్పుడు. కొంత ఆటది కూడా ఉందిలే, అన్నేసి గుర్తులు పెట్టకపోతే మనమెందుకు పోతాం. కానీ మళ్ళీ మొదలుపెట్టినప్పుడు నాకు నేనే ఒక రూలు పెట్టుకున్నా, మ్యాపు తెరవకూడదు, ఫాస్ట్ ట్రావెల్, అంటే మ్యాపులో నొక్కి ఒక్క గెంతులో పోవడం, వాడకూడదు, దారిలో పిట్టో నక్కో ఎదురైతే పోతా, లేకపోతే లేదు. అప్పుడు చూడు దాని అందం. ఇషికావా అని ముసలి విలుకాడు, మసాకో అని కుటుంబాన్ని మొత్తం పోగొట్టుకున్న ఆవిడ, వీళ్ళ కథలు తొమ్మిదేసి ముక్కలుగా వస్తాయి, మొదటిసారి నక్కల హడావిడిలో వీటిని మధ్యలో వదిలేశా, అసలు ఆ ఆటకి గుండెకాయే అవి.

నువ్వు సగంలో వదిలేసిన ఆట పేరు చెప్పలేదు గానీ, నలభై గంటలాడి వదిలేశానన్నావంటే నువ్వూ నా బాపతే, గుర్తు కనిపిస్తే తుడిచిగానీ ముందుకెళ్ళవు. ఇప్పుడు నీకున్న టైము లెక్కేద్దాం. రోజుకి గంటన్నర చొప్పున నలభై రోజులకి అరవై గంటలు అనుకుంటావు, కాగితం మీద. మధ్యలో రెండు పెళ్ళిళ్ళొస్తాయి, హైదరాబాద్‌లో హాస్టల్ వెతకడానికి ఒకసారి పోవాలి, కంపెనీ వాళ్ళు డాక్యుమెంట్లు పంపమని ప్రాణం తీస్తారు, అన్నీ పోను ముప్పై ఐదు చేతికొస్తే ఎక్కువ. గాడ్ ఆఫ్ వార్ మెయిన్ కథ ఇరవై, ఇరవై రెండు గంటల్లో అయిపోతుంది, నచ్చిన పక్క కథలు చూసుకుంటూ పోయినా ముప్పై ఐదులోపే. త్సుషిమా మెయిన్ కథ కూడా పాతికే, కానీ నీలాంటివాడు దాన్ని పాతికలో పూర్తి చెయ్యడు, పైగా డైరెక్టర్స్ కట్‌లో ఇకి ద్వీపం ఇంకోటి ఉంది, అరవై చూసుకో. అంటే మూడో భాగం మంచు కొండలు చూడకుండానే హైదరాబాద్ బస్సెక్కుతావు, అక్కడ ట్రైనింగు మొదలయ్యాక ఏ బటన్ ఏంటో మర్చిపోతావు, ఇంక దాన్ని తెరవవు. రెండోసారి కూడా సగంలో ఆపితే ఇంక ఆటలే మనకి పడవులే అనిపిస్తుంది, షాపుకొచ్చే కుర్రాళ్ళలో చాలామందిని చూశా నేను.

అట్టాగని గాడ్ ఆఫ్ వార్‌లో లోపాల్లేవా అంటే ఉన్నాయి, ముందే చెప్తా, తర్వాత అన్నా చెప్పలేదేంటి అనొద్దు. పెద్ద రాక్షసులు అనిచెప్పి ఒకే ట్రోల్‌ని రంగు మార్చి పేరు మార్చి తిప్పితిప్పి తెస్తారు, భుజాన దుంగ వేసుకుని వస్తాడు వాడు, నాలుగోసారి వచ్చేసరికి మళ్ళీ నువ్వేనా అంటావు. కెమెరా భుజానికి అతుక్కుని ఉంటుంది కాబట్టి వెనకాల ఎవడున్నాడో కనపడడు, దానికి క్రేటోస్ చుట్టూ చిన్న బాణం గుర్తులు పెట్టారు, ఎర్రగా అయితే కొట్టబోతున్నాడని, ఊదారంగు అయితే ఏదో విసిరాడని, మొదటి రెండు గంటలు అవి పట్టించుకోక వీపు మీద తింటానే ఉంటావు. కవచాలు, రూన్లు, ఎన్‌చాంట్‌మెంట్లు అని ఒక మెనూ ఉంది, అది చూస్తే ఇన్‌కమ్ టాక్స్ ఫారం గుర్తొస్తుంది, దాంట్లో ఎక్కువ బుర్ర పెట్టకు, ఏది వేసుకుంటే పక్కన లెవెల్ నంబరు పెరుగుతుందో అది వేసుకో చాలు. శత్రువు హెల్తు బారు, అంటే వాడి ప్రాణం చూపించే గీత, ఊదారంగులో కనిపిస్తే వాడు నీకంటే చాలా పైవాడు, ఇప్పుడొద్దు, తర్వాత వచ్చి చూసుకుందాం అని తిరిగొచ్చెయ్.

డిఫికల్టీ దగ్గర జాగ్రత్త. నాలుగు ఉంటాయి, ఆఖర్ది 'గివ్ మీ గాడ్ ఆఫ్ వార్', అది ఒకసారి పెట్టి మొదలుపెడితే మధ్యలో మార్చుకోనివ్వదు. కుర్రతనంలో అది పెట్టుకుని మొదటి ట్రోల్ దగ్గర రెండు రోజులు ఇరుక్కుని కీబోర్డు బద్దలుకొట్టుకున్న మహానుభావుడు ఒకడు కొత్త కీబోర్డు కోసం నా దగ్గరికే వచ్చాడు. నువ్వు రెండోది, బ్యాలెన్స్‌డ్ పెట్టుకో, చాలా తేలిగ్గా అనిపిస్తే మూడోదానికి మధ్యలో మారొచ్చు. కష్టం కావాలనుకునేవాడికి వాల్కిరీలు అని రెక్కలున్న యోధురాళ్ళు తొమ్మిది మంది ఉన్నారు, కథతో సంబంధం లేదు, ఇష్టమైతేనే, చివరామె సిగ్రున్ దగ్గర నేను నాలుగు రాత్రులు తన్నులు తిన్నా, మా ఆవిడ లేచొచ్చి ఇంకా ఆ రెక్కలావిడేనా అని అడిగి పోయి పడుకునేది. నువ్వు జాయినింగ్ ముందు ఆవిడ జోలికి పోకు. ముస్పెల్‌హైమ్, నిఫ్ల్‌హైమ్ అని రెండు లోకాలు కూడా అట్టాంటివే, నిఫ్ల్‌హైమ్‌లో అయితే పొగలో చిట్టడివి తిరుగుతూ అదే పని పదిసార్లు, మంచి కవచం వస్తుంది గానీ నీ ముప్పై ఐదు గంటల్లో దానికి చోటు లేదు.

పడవ సంగతి మాత్రం చెప్పాలి. మధ్యలో పెద్ద చెరువు ఉంటుంది, లేక్ ఆఫ్ నైన్, పడవ వేసుకుని తిరుగుతుంటే కొంత దూరం పోయాక మిమిర్ అని ఒకాయన తోడవుతాడు, ఎట్టా తోడవుతాడో చెప్పను, క్రేటోస్ తెడ్డేసేటప్పుడు ఆయన దేవుళ్ళ కథలు చెప్తుంటాడు. పిల్లాడు మధ్యలో ప్రశ్నలేస్తాడు, క్రేటోస్ విసుక్కుంటాడు. మా వాడికి తొమ్మిదేళ్ళు, ఆట పద్దెనిమిది దాటినవాళ్ళకని నాకు తెలుసు, యుద్ధాలప్పుడు పక్క గదిలోకి తరిమేసేవాణ్ణి, పడవ ఎక్కగానే వాడే వచ్చి కూర్చునేవాడు, ఇంగ్లీషు కథని నేను తెలుగులో చెప్పాలి, నాన్నా ఆయన ఏమన్నాడు అని. ఒడ్డు చేరగానే కథ ఆగిపోతుంది, మళ్ళీ పడవెక్కితే ఎక్కడిదాకా చెప్పానూ అంటూ అక్కణ్ణుంచే అందుకుంటాడు. అందుకని నేను ఒడ్డు దగ్గరికొచ్చి కూడా దిగకుండా నీళ్ళలోనే గుండ్రంగా తిప్పేవాణ్ణి, కథ అయ్యేదాకా. నువ్వూ అదే చేస్తావు చూడు.

సరే మిషన్ సంగతి. ఇక్కడ కూడా లెక్క గాడ్ ఆఫ్ వార్ వైపే ఉంది. దానికి కనీసం అడిగేది జీటీఎక్స్ 960, 8 జీబీ ర్యాము, 70 జీబీ స్థలం, బాగా ఆడాలంటే జీటీఎక్స్ 1060. నీ 1650 ఆ రెంటికీ మధ్యలో ఉంటుంది, 1080 రిజల్యూషన్లో సెట్టింగులు 'ఒరిజినల్' అనేదాంట్లో పెట్టి ఎఫ్ఎస్ఆర్‌ని, అంటే బొమ్మని తక్కువ రిజల్యూషన్లో గీసి పెద్దది చేసి చూపించే సెట్టింగుని, క్వాలిటీలో ఉంచు, హాయిగా ఆడొచ్చు. డీఎల్ఎస్ఎస్ అని అట్టాంటిదే ఇంకోటుంది, దానికోసం వెతక్కు, అది ఆర్‌టీఎక్స్ కార్డులకే, 1650కి రాదు. త్సుషిమా కూడా కనీసం అంటే 960, 8 జీబీనే అంటారు గానీ రికమెండెడ్ ఆర్‌టీఎక్స్ 2060, 16 జీబీ, అక్కడే తేడా తెలిసిపోతుంది. 8 జీబీతో అది నడుస్తుంది, కానీ గుర్రం దౌడు తీసేటప్పుడు మధ్యమధ్యలో ఆగి ఎగిరితే ఇంక ఆ గాలి, ఆ గడ్డి ఎందుకు చెప్పు. అందం కోసం కొనే ఆటని సెట్టింగులు బాగా తగ్గించి ఆడటం అంటే మంచి బిర్యానీ చల్లారాక తినడమే.

రోహిణి కార్తె నడుస్తోంది, గుంటూరు ఎండ సంగతి నేను నీకు చెప్పక్కర్లా. షాపుకి ఈ నెలలో వచ్చే గేమింగ్ ల్యాప్‌టాపుల్లో ముప్పావు వంతు కంప్లైంటు ఒకటే, అన్నా పది నిమిషాలు బాగా ఆడుతుంది తర్వాత ఫ్రేములు సగానికి పడిపోతున్నాయి అని. కార్డు పాడవ్వలా, వేడెక్కి తనని తాను తగ్గించుకుంటుంది. మంచం మీద దుప్పటి మీద పెట్టి ఆడొద్దు, కింద గాలి బొక్కలు మూసుకుపోతాయి. బల్ల మీద పెట్టి వెనక వైపు రెండు సీసా మూతలు పెట్టి లేపు, ఏ కూలింగ్ ప్యాడూ అక్కర్లా. ఫ్రేము రేటు, అంటే సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుతుందో ఆ లెక్క, 40కో 45కో లాక్ చేసుకో, పైకి కిందకి ఊగే 60 కంటే కదలకుండా ఉండే 40 నయం. రెండేళ్ళు దాటిందంటే ఒకసారి వెనక మూత తీయించి ఫ్యాన్ దుమ్ము ఊదించు. కరెంటు పోతే బ్యాటరీ మీద కంటిన్యూ చెయ్యకు, బ్యాటరీ మీద కార్డుకి పవర్ సరిగ్గా అందదు, ఆట నత్తలాగా అవుతుంది, సేవ్ చేసుకుని మేడ మీదకి పో, కరెంటొచ్చాక దిగు. యుద్ధం మధ్యలో తప్ప ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు, గంటన్నర ఆటగాడికి అది కూడా కలిసొచ్చేదే.

కంట్రోలర్ కూడా అడిగావు. కీబోర్డు మౌసుతో రెండూ ఆడొచ్చు, గొడ్డలి గురి పెట్టడం మౌసుతోనే ఇంకా తేలిక, కానీ ఆ చేతిలో పడే అదురు పోతుంది. ఫ్రెండు దగ్గర ఉంటే అడుక్కో, ఈ ఒక్క ఆట కోసం కొనొద్దు. నేను ఒకసారి తక్కువకొస్తుందని ఒక షాపులో ఒరిజినల్ అని చెప్తే నమ్మి తీసుకున్నా, ఈ ఫీల్డులో ఉండి కూడా, వారానికే ఎడమ స్టిక్ దానంతట అది పక్కకి జరగడం మొదలెట్టింది, క్రేటోస్ నిలబడమన్నచోట నిలబడకుండా లోయ వైపు నడిచిపోయేవాడు. అందుకని డబ్బులు మిగిల్తే ర్యాము మీద పెట్టు.

స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల షాపులో కొంటే ఒక సదుపాయం ఉంది, కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు అయితే తిరిగిచ్చేస్తే డబ్బులు వెనక్కొస్తాయి. కాబట్టి కొన్న రోజే మొదలుపెట్టి ఒక్క ఊపున గంట పైన ఆడు. ఆ లోపే ఇంటి తలుపు తట్టే అపరిచితుడు ఒకడొస్తాడు, బక్కగా ఒంటినిండా పచ్చబొట్లతో, వాడితో జరిగే యుద్ధం ఉంది చూడు, నీ మిషన్ ఆ యుద్ధాన్ని లాగగలిగితే మిగతా ఆటంతా లాగినట్టే, నీకు ఆ యుద్ధం నచ్చకపోతే మిగతా ఆట కూడా నచ్చదు, మొహమాటం లేకుండా వెనక్కిచ్చి త్సుషిమా తీసుకో. అర్జెంటు లేదనుకుంటే జూన్ చివర్లో సమ్మర్ సేల్ వస్తుంది గానీ నీకు జాయినింగే జూలైలో, సేల్ కోసం ఆగితే ఆడేదెప్పుడు.

ఒకవేళ నువ్వు గుర్తుల పిచ్చోడివి కాకుండా, రోజూ పని అయ్యాక అరగంట ఊరికే గుర్రమెక్కి తిరిగొద్దాం అనుకునే రకం అయ్యుంటే, 16 జీబీ ఉన్న మిషనయ్యుంటే, నేను కళ్ళు మూసుకుని త్సుషిమానే చెప్పేవాణ్ణి. మా బావమరిది అట్టాంటోడే, తెనాలిలో ఉంటాడు, వాడు ఏడాదిన్నరగా ఆడుతున్నాడు, ఇంకా రెండో భాగంలోనే ఉన్నాడు, ఏరా అయిందా అంటే ఎందుకు బావా తొందర అంటాడు. వాడికి గాడ్ ఆఫ్ వార్ ఇస్తే తలుపుల వెంట తరుముతున్నట్టుందని రెండు రోజుల్లో పక్కన పెట్టాడు.

నువ్వు త్సుషిమాని మొదటి జీతం వచ్చాక కొనుక్కో, అప్పటికి ర్యాము కూడా వేయించుకుని ఉంటావు. గాడ్ ఆఫ్ వార్ అవ్వగానే రాగ్నరాక్ కొనెయ్యాలనిపిస్తుంది, కథ అక్కడే పూర్తవుతుంది, పీసీకి 2024 సెప్టెంబర్‌లో వచ్చేసింది కూడా, కానీ వెంటనే వద్దు, అదే గొడ్డలి అదే పిల్లాడు, మధ్యలో గాలి మారాలి, ఆ మధ్యలో పెట్టుకోవాల్సింది త్సుషిమానే. త్సుషిమా తర్వాతి భాగం యోటేయి 2025 అక్టోబర్‌లో ప్లేస్టేషన్ 5కి వచ్చింది, హీరోయిన్ వేరు కాలం వేరు కథ వేరు, కాబట్టి దానికోసం దీన్ని తొందరగా ముగించాల్సిన పని కూడా లేదు.

ర్యాము కొనడానికి బెజవాడ వస్తే మాత్రం ఒట్టి చేతుల్తో రాకు, ల్యాప్‌టాప్ వెనక మూత తీసి లోపల రెండో స్లాటు ఖాళీగా ఉందో లేదో, ఉన్న స్టిక్ మీద డీడీఆర్ 4 పక్కన 2666 ఉందో 3200 ఉందో ఫోటో తీసుకునిరా, మోడల్ పేరు చెప్తే చాలని వచ్చినవాళ్ళని సగం మందిని మళ్ళీ గుంటూరు బస్సెక్కించాల్సి వస్తోంది.